జెఫన్యా పెల్ సాక్ష్యం

పాస్టరు క్రాన్షా గారు ఇసుక గడియారం తిరగేశారు. అంటే ప్రసంగం ఇంకో గంట. ఇంకో గంటేనా అని జెఫన్యా పెల్ గుండె ఒకసారి జారింది, బాబోయ్ ఇంకా గంటా అని అదే గుండె, జారడానికి ఇంకా చోటు మిగిలినట్టు, మరోసారి జారింది, ఎందుకంటే ఆ ఇసుక అయిపోయాక ఇంత జనం ముందు లేచి సాక్ష్యం చెప్పాల్సింది తనే, ఆ ఇసుక అయిపోయేదాకా ఎలాగోలా ఊపిరి పీల్చుకుంటూ ఉండాల్సింది అవతల ఆడవాళ్ళ బల్లల మీద తన భార్య కెజీయా శాలువాలో ఉన్న ఆరు వారాల తమ పసిగుడ్డు, ఒకళ్ళకి గంట పెరిగితే మేలు, ఇంకొకళ్ళకి తరిగితే మేలు, దేవుడు మాత్రం ఏం చేస్తాడు, ఇద్దరికీ కలిపి ఒకే గడియారం పెట్టాడు. మందిరంలో పొయ్యి లేదు. దేవుడి ఇంట్లో చలి కాచుకోవడం అలవాటైతే నరకమంటే భయం పోతుందనేమో, పెద్దలు పెట్టించలేదు. జనవరి నెల, రేవు అంచుల్లో సముద్రమే గడ్డకట్టింది, పొద్దుటి ఆరాధనలో రొట్టెముక్కలు పళ్ళెంలో గులకరాళ్ళలా మోగాయి, కాళ్ళ మీద కుక్కని పడుకోబెట్టుకున్నవాడే ఇవాళ భాగ్యవంతుడు, నూరు నోళ్ళలోంచి నూరు పొగలు లేస్తున్నాయి, పాస్టరు గారి నోట్లోంచి వాక్యంతోబాటు ఇంకాస్త చిక్కటి పొగ. అదిగో, మళ్ళీ దగ్గు. ముందు నాలుగైదు చిన్న దగ్గులు, ఆపైన కోడిపిల్ల గొంతు నులిమినట్టు ఊపిరి లోపలికి లాగే కూత, ఆపైన ఏమీ ఉండదు, ఆ ఏమీ లేని చోట జెఫన్యా తొడ మీద వేళ్ళు మడుస్తాడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు, హమ్మయ్య, లాగింది. కోరింతదగ్గు. పొద్దున ఇంట్లో ఏడు దాకా వెళ్ళింది.

ఆ పసిదానికి ఇంకా పేరు లేదు. బాప్తిస్మం నీళ్ళు పడితేగాని పేరు లేదు, తల్లో తండ్రో సంఘంలో చేరితేగాని నీళ్ళు లేవు, చేరాలంటే దేవుడి కృప తనని ఏనాడు ఏ చోట ఎలా తాకిందో నోరు తెరిచి చెప్పాలి, విన్నవాళ్ళు నమ్మాలి, నమ్మినట్టు చేతులెత్తాలి. ఆ నీళ్ళలోనే రక్షణ ఉందని మాత్రం అనుకోవద్దు, ఎవరిని తీసుకోవాలో దేవుడు సృష్టికి ముందే తేల్చేశాడు అని పాస్టరు గారు నెలకోసారి చెబుతూనే ఉంటారు, కెజీయా నెలకోసారి తలూపుతూనే ఉంటుంది, ఇంటికొచ్చి మాత్రం గిన్నెలు తోముతూ అడిగేది, "అయితే పేరు లేనిదాన్ని ఆయన ఏమని పిలుస్తాడయ్యా?" అని. దానికి తను ఏదో హాస్యమాడాడు. ఏమన్నాడో ఇప్పుడు గుర్తు రావడం లేదు, గుర్తు రాకపోవడమే మంచిది. మొదటి బిడ్డ అలాగే పోయాడు, మూడు రోజుల పిల్లాడు, శ్మశానం కంచె అవతల ఇసుకనేలలో పెట్టారు, పోయాక నీళ్ళు చల్లమని కెజీయా పాస్టరు గారి కాళ్ళు పట్టుకుంటే ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకునే కాదన్నారు, చచ్చినవాళ్ళకి నీళ్ళు లేవమ్మా, ఆ మూఢాచారాలు వద్దనే కదా ఇంగ్లండు వదిలి సముద్రం దాటి ఇంతదూరం వచ్చాం అన్నారు. మంచివాడే. మంచివాళ్ళతోనే చిక్కు, తిట్టుకోవడానికి కూడా కుదరదు.

మిగిలినవాళ్ళయితే ఏదో చెప్పి గట్టెక్కేవాళ్ళు. జెఫన్యా పెల్ చెబితే ఎవడు నమ్ముతాడు? ఈ రేవులో చంటిపిల్లలు అబద్ధమాడితే తల్లులు "పెల్ మాటలు చాలుగాని" అంటారు. ఎండ్రకాయ డెక్కతో పడవ లంగరు పట్టుకుని తనని మూడు మైళ్ళు లాక్కుపోయిందన్నది తనే, మంచుకాలంలో కొంగ ఒకటి తన పొగాకు గొట్టం ఎత్తుకుపోయి వసంతంలో పిల్లలతో సహా తిరిగొచ్చి అప్పజెప్పిందన్నది తనే. అవన్నీ నవ్వుకుని వదిలేశారు. కాడ్ చేపల కథ దగ్గర మాత్రం వ్యవహారం ముదిరింది, వేసవిలో కొత్తగా దిగిన చదువుకున్న కుర్రాడు పాపం శ్రద్ధగా అడిగాడు కదా, చేపలు దట్టంగా ఉంటాయా అని, దట్టమా అబ్బాయ్, పైపుకి నిప్పు కావలసి పడవ దిగి చేపల వీపుల మీద నడుచుకుంటూ పక్క పడవకెళ్ళి వచ్చాను, ఒక్క కాలి మేజోడు తడిసింది, అదీ నా తొందరవల్లే అన్నాడు తను. వాడు దాన్ని ఉత్తరంలో రాసి ఇంగ్లండు పంపాడు. అబద్ధానికి మా దగ్గర చట్టముంది, వినోదానికి ఆడినా అబద్ధం అబద్ధమే అన్నాడు సంఘపెద్ద డీకన్ థార్న్, ఎముకలతో చేసినట్టుండే ఆ మనిషి జీవితంలో నవ్వగా చూసినవాడు లేడు, అతనే దగ్గరుండి నడివీధిలో తన కాళ్ళని రెండు కొయ్యపలకల మధ్య బిగించి బొండ వేయించాడు. రెండు గంటలు. దారిన పోయేవాళ్ళంతా ఆగి మరీ పలకరించారు.

"ఏంరా జెఫన్యా, చేపల మీద నడిచినోడివి, ఈ కొయ్యలోంచి నడిచి రాలేవేంరా?"

"పెందరాళే వస్తే చూపిద్దును మామా, ఇప్పుడు కాళ్ళు నిద్దరోతున్నాయి, లేపితే తిడతాయి."

అప్పుడు ఎంత నవ్వారు. తనూ నవ్వాడు. ఆ నవ్వుల్లో తను ఏం పారేసుకుంటున్నాడో ఆ పూట తెలిస్తే కదా. ఇసుక పావు వంతు కిందికి దిగింది. దగ్గు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, లాగవే తల్లీ, లాగు, ఆ.

మాటలు తన దగ్గర ఉన్నాయి, సిద్ధంగానే ఉన్నాయి, ఆ భయం లేదు, వారం రోజులుగా పొయ్యి ముందు కూర్చోబెట్టి కెజీయా వల్లె వేయించింది. ఆమె కిందటేడు పెద్దల ముందుకెళ్ళి నోరు పెగలక గంటసేపు ఏడ్చి వచ్చింది, ఏడుపు సాక్ష్యం కాదమ్మా, దేవుడు నోటికి మాట అందించినప్పుడు రా అని పంపేశారు, అందుకని తన తండ్రి సాక్ష్యం పట్టుకుంది, పదహారేళ్ళ కిందట ఆ ముసలాయన ఇదే మందిరంలో చెప్పింది, ఆయన పోయాక కూడా ఆమెకి అక్షరం పొల్లుపోకుండా వచ్చు, మొదట లోకాశలు, తరవాత జ్వరం, జ్వరంలో పాపాల భయం, ఒక ప్రసంగం వింటుంటే గుండె పగిలి వెలుగు ప్రవేశించడం, అందరూ చెప్పే తోవే, ఎక్కడా గతుకు లేదు. "నీ సొంత మాట ఒక్కటి కూడా కలపకు" అంది. "ఒక్కటైనా?" అన్నాడు. "ఒక్కటి కలిపావంటే దానికి తోక మొలుస్తుంది, నీ సంగతి నాకు తెలీదా" అంది, అని, ఎన్నడూ అబద్ధమాడి ఎరగని మనిషి, దొంగసొత్తు చేతికిస్తున్నట్టు తల వంచుకుంది. మందిరంలో నిలబడి అబద్ధం చెబితే పిడుగు పడుతుందేమోనన్నాడు తను. "పడితే నీ మీద పడుతుంది, నీళ్ళు దాని మీద పడతాయి, చాల్లే" అంది.

లోకాశలు, జ్వరం, భయం, వెలుగు. లోకాశలు, జ్వరం. పాస్టరు గారు పన్నెండో భాగంలోంచి పదమూడో భాగంలోకి దిగారు, ముందు వరసలో డీకన్ థార్న్ మోకాలి మీద పుస్తకం పెట్టుకుని రాస్తున్నాడు, ప్రతి ప్రసంగం రాస్తాడు, ప్రతి సాక్ష్యం రాస్తాడు, ఈకకలం సిరా గడ్డకడితే నోట్లో పెట్టుకుని కరిగించి మరీ రాస్తాడు, ఇరవై ఏళ్ళుగా ఒక్కటీ వదలకుండా, ఒక్కటీ, ఒక్కటీ వదలకుండా. జెఫన్యా చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. పదహారేళ్ళ కిందట చెప్పినదైనా సరే. ఆ ముసలాయన సాక్ష్యం అక్షరం పొల్లుపోకుండా కెజీయాకొక్కదానికే కాదు వచ్చింది. రెండు మాటలు చెప్పేసరికి డీకన్ తల ఎత్తుతాడు, నాలుగో మాటకి ఇంటికి మనిషిని పంపి పాత పుస్తకం తెప్పిస్తాడు, చదివి వినిపిస్తాడు, మెల్లగా, వేలు పెట్టి, అప్పుడిక ఈ పూటా లేదు, ఏ పూటా లేదు, నేర్పింది ఎవరో అడక్కుండానే తెలిసిపోతుంది, తనకొక్కడికే కాదు బొండ, కెజీయాకి కూడా, పసిదానికి కంచె అవతల ఇసుకనేల. వారం రోజులు ఇద్దరూ ఇంత పెద్ద గొడ్డలిని చూడకుండా దాని పదును మీదే ఎలా కూర్చున్నారు?

సరే, కొత్తది అల్లుదాం. జన్మలో ఏం చేశావురా ఇన్నాళ్ళూ, అల్లడమే కదా, అల్లు. పొలం దున్నుతుంటే... పొలం లేదు. పిడుగు పడి... పాతబడింది. కలలో తల్లి కనిపించి... కలలు నమ్మరు. రేవంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వించిన బుర్ర ఇవాళ ఎండిన చేపతలలా ఖాళీగా మోగుతోంది, లోపల ఎంత కెలికినా ఒక్క అబద్ధం దొరకడం లేదు, ఇసుక సగం దాటింది, ఇప్పుడే దొరకదా, తమాషాకి అడిగినప్పుడల్లా కుప్పలుగా వచ్చి పడ్డాయి కదా, ఒక్కటి, దేవుడా ఒక్క మంచి అబద్ధం. అడిగిందేమిటో, అడిగింది ఎవర్నో తలుచుకుని నాలుక కరుచుకున్నాడు. ప్రసంగంలో కునికేవాళ్ళని లేపడానికి కర్ర పట్టుకుని తిరిగే గిడియోను, తను నిద్రపోతున్నాడనుకున్నాడు కాబోలు, బొడిపెతో భుజం మీద పొడిచాడు. "మేలుకునే ఉన్నాను బావా" అని గొణిగాడు. "మేలుకున్న మొహమా అది?" అని గిడియోను చెవిలో ఊది పోయాడు.

ఎక్కడ కెలికినా చేతికి ఆ ఒక్కటే తగులుతోంది. దాన్ని పక్కకి నెట్టి వెతుకుతాడు, మళ్ళీ అదే తగులుతుంది, చీకట్లో పడవలో తెడ్డు కోసం తడిమితే గట్టిగా చల్లగా తగిలిన తమ్ముడి బూటులాగ. పదకొండేళ్ళయింది. మార్చి నెల. తనూ తమ్ముడు యోతామూ. పక్క అల ఒకటి కొట్టింది, తమ్ముడు లేడు, కేక కూడా లేదు, మాట మధ్యలో ఉన్నాడు వాడు, పులుసులో ఉల్లిపాయ ఎక్కువైందని వదినని ఏదో అంటున్నాడు, బూటొకటి పడవలో ఉండిపోయింది. తెడ్లు పోయాయి. పొగమంచు. ఒక రాత్రి పిలిచాడు, యోతామూ యోతామూ అని, రెండో రాత్రి దేవుణ్ణి తిట్టాడు, రేవులో తాగుబోతు కూడా అనని మాటలు, అమ్మని తిట్టినట్టు తిట్టాడు, గొంతు పోయేదాకా, పోయాక పెదాలతో. మూడో రాత్రి ఒళ్ళంతా మొద్దుబారి, ఇక పడుకుంటే హాయిగా ఉంటుంది అనిపించే ఆ చివరి చలి వచ్చింది. అప్పుడు పక్కన ఏదో ఆగింది. పడవ కదల్లేదు, అంత మెత్తగా ఆగింది. తిమింగలం. అది ఊపిరి వదిలితే కుళ్ళు చేపల కంపు, కానీ వెచ్చన, ఆ వెచ్చదనం మొహం మీద పడి మేజోళ్ళ దాకా దిగింది, కాసేపటికి మళ్ళీ, కాసేపటికి మళ్ళీ, తెల్లవారేదాకా పోలేదు. చెయ్యి చాపి దాని మీద పెట్టాడు. తడి తోలు. దాని కన్ను నీళ్ళ అంచున ఉంది, తనని చూస్తోంది, ఎవరని అడగడంలేదు, ఏమన్నావని అడగడంలేదు, ఊరికే చూస్తోంది, ఆ కంటి ముందు జెఫన్యాకి బుద్ధి తెలిశాక మొదటిసారి చెప్పడానికి మాట లేకపోయింది. నిన్న రాత్రి తిట్టించుకున్నవాడు వినే ఉన్నాడని, విని కూడా వదల్లేదని, అంతే తెలిసింది. తెల్లారింది. అది లేదు. మధ్యాహ్నానికి ఎవరి పడవో కనిపించింది.

ఎవరికీ చెప్పలేదు. ఎన్నిసార్లో నాలుక చివరిదాకా వచ్చింది, పైపు కాల్చుకుంటూ అందరూ వినడానికి సిద్ధంగా ఉన్నప్పుడు, ఒక్కటి చెప్పరా అని బతిమాలినప్పుడు. చెబితే రెండో రోజుకి అది మందిరమంత అవుతుంది, మూడో రోజుకి మాట్లాడుతుంది, నాలుగో రోజుకి తనని వీపు మీద ఎక్కించుకుని రేవులో దింపి టోపీ తీసి దణ్ణం పెట్టి పోతుంది. తన నోటి సంగతి తనకి తెలుసు. అందుకే ఆ నోటికి దాన్ని అందనివ్వలేదు. ఇప్పుడు దాన్నా తీసుకెళ్ళి వీళ్ళ ముందు పెట్టేది, వీళ్ళు నవ్వడానికా? చేపల మీద నడిచినవాడికి తిమింగలం పక్కలో పడుకుందట, ఇంకేం. నిజమేమో అచ్చం అబద్ధంలా ఉంది, నిజంలా కనిపించే అబద్ధమేమో డీకన్ పుస్తకంలో ఉంది. దగ్గు. కూత రాలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, కెజీయా శాలువా మీదికి వంగింది, తొమ్మిది, పీల్చింది, పీల్చిందా, పీల్చింది. గాజులో ఇసుక చివరి చిటికెడు గుంట చేసుకుని జారిపోయింది.

"జెఫన్యా పెల్" అన్నారు పాస్టరు గారు.

లేచాడు. "అయ్యా, నేర్చుకొచ్చింది ఒకటుంది" అన్నాడు. "అది నాది కాదు. అది చెప్పను." బల్లల మీద కలకలం. కెజీయా మొహం తెల్లగా అయిపోవడం ఇంత దూరాన్నించీ కనిపించింది, అటు చూస్తే చెప్పలేనని డీకన్ థార్న్ చేతిలోని కలం మొన వంకే చూస్తూ చెప్పాడు, యోతాము సంగతి, తిట్టిన సంగతి, తిట్టిన మాటలు అడక్కండి అన్నాడు, ఊపిరి కంపు, వెచ్చన, చెయ్యి పెట్టడం, కన్ను. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. తన నోటి వెంట అంత చిన్న కథ ఎన్నడూ రాలేదు. వెనక కుర్రాళ్ళ బల్లలోంచి ఎవడో కిసుక్కున నవ్వాడు, ఆ నవ్వు అంటుకుంది, పెద్దవాళ్ళు కూడా గడ్డాల్లో మొహం దాచుకున్నారు, చేపలు ఆరబెట్టే ఎనోషు ఉండబట్టలేక అననే అన్నాడు, "ఎంత పొడుగుందిరా అది?"

"తెలీదు" అన్నాడు జెఫన్యా. "పొగమంచు. దాని తల దాటి చూళ్ళేదు."

నవ్వు అక్కడే తెగింది. ఎందుకు తెగిందో తనకి తెలియలేదు. డీకన్ థార్న్ లేచాడు, ఆ ఎముకలన్నీ ఒక్కొక్కటే నిటారుగా చేసుకుంటూ.

"ఇది ఇంతకుముందు ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదండి."

"నీ భార్యకి?"

ఆడవాళ్ళ వైపు నించి కెజీయా తల అడ్డంగా ఊపింది. ఆమె తలూపితే న్యాయస్థానంలో ప్రమాణంతో సమానమని అందరికీ తెలుసు. డీకన్ జనం వైపు తిరిగాడు. "వీడికి బొండ వేయించినవాణ్ణి నేను. వీడు ఒక కథని పొద్దున పుట్టిస్తే చీకటిపడే దాకా దాచుకోలేడు, గాలికైనా చెబుతాడు. పదకొండేళ్ళు దాచాడట. అడిగితే కొలత కూడా చెప్పలేకపోయాడు. పెల్ నోట 'తెలీదు' అనే మాట మీరెవరైనా విన్నారా?" ఎవరూ వినలేదు. "నేను నమ్ముతున్నాను" అని అతను చెయ్యెత్తాడు. తరవాత ఎనోషు ఎత్తాడు, గిడియోను కర్ర చంకలో పెట్టుకుని ఎత్తాడు, తరవాత అన్నీ, అడివిలా, జెఫన్యాకి కళ్ళు మసకబారి అవి చేతులో చెట్లో తెలియలేదు, బతికాం అనుకున్నాడు, బతికాం తల్లీ, అప్పుడు గాని గుర్తు రాలేదు తను మాట్లాడుతున్నంతసేపూ వేళ్ళు మడవలేదని, చెవి అటు పెట్టలేదని, ఆడవాళ్ళ బల్లల వైపు నించి ఎంతోసేపటిగా ఏ చప్పుడూ లేదని.

"బిడ్డని తీసుకురా" అన్నారు పాస్టరు గారు. తండ్రే తేవాలి. నడిచాడు, నడవా మధ్యలో కుక్క ఒకటి లేచి దారిచ్చింది. కెజీయా లేచి నిలబడి శాలువా చేతికందించింది, ఇస్తూ అతని కళ్ళలోకి సూటిగా చూసింది, రెప్ప వెయ్యకుండా.

"నిద్రపోతోంది" అంది.

చేతుల్లోకి వచ్చాక తెలిసింది. బతికున్న బిడ్డ ఎత్తుకున్న చేతి వైపుకి ఒదుగుతుంది, ఇది ఒదగలేదు. తన ఒంట్లోంచి అరుపు ఒకటి లేచి పళ్ళ దాకా వచ్చింది, పళ్ళు కరుచుకున్నాడు, ఆ అరుపు బయటపడితే నీళ్ళు లేవు, పేరు లేదు, నడు, జెఫన్యా, నడు, బతికున్నవాళ్ళు నడిచినట్టు నడు. డీకన్ థార్న్ బాప్తిస్మం నీళ్ళ చిప్పలో పైన పేరుకున్న మంచుని పిడికిలితో పగలగొట్టి పట్టుకుని నిలబడ్డాడు. పాస్టరు గారు వంగి చూశారు, ఆయన చూపు పెద్దగా ఆనదు.

"ఇంత చలిలో ఏడవడం లేదేం జెఫన్యా?"

ఒక్క నిమిషం కిందట, పుట్టి ముప్ఫై ఎనిమిదేళ్ళకి మొదటిసారి, తన మాటని ఒక ఊరు ఊరంతా నమ్మింది. ఇంత విలువైనది చేతికి వచ్చీ రాగానే ఖర్చు పెట్టాల్సి వస్తుందని ఎవడనుకుంటాడు.

"నిద్రపోతోందండయ్యా" అన్నాడు.

డీకన్ చిప్పతో దగ్గరికి జరిగాడు. జెఫన్యా నోటి ముందు పొగ, పాస్టరు గారి నోటి ముందు పొగ, శాలువా మడతల్లో ఆ చిన్న నోటి ముందు ఏమీ లేదు. డీకన్ చూశాడు. చాలాసేపు చూశాడు, జెఫన్యా అతని మొహం మీద తీర్పు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. అప్పుడు డీకన్ మెల్లగా అడుగు పక్కకి వేసి, జనానికీ బిడ్డకీ మధ్య తన వెడల్పాటి నల్లకోటు వీపు అడ్డంపెట్టి, ముందుకి వంగి, ఆ నోటి మీదుగా తన నోటి పొగ పోయేలా మొహం పెట్టి, వెనక వరస దాకా వినపడేంత గట్టిగా అన్నాడు, "దగ్గి దగ్గి సొమ్మసిల్లి నిద్రపోయింది పాపం. లేపకండి. కానివ్వండి."

"పేరు?" అన్నారు పాస్టరు గారు.

"రూతు."

ఆ పేరుతోనే నీళ్ళు పోశారాయన. నీళ్ళు నుదుటి మీద పడి, కళ్ళ గుంటల్లో నిలిచి, చెవి పక్కనించి జారి, తల కిందున్న జెఫన్యా అరచేతిలోకి దిగాయి. అతను వేళ్ళు మూశాడు.